ఆన్ చేస్తే డిస్కుల జత కనబడట్లేదా? కంగారుగా కమాండ్ కొట్టకండి

సూళ్లూరుపేట నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో కొంచెం బరువైన టాపిక్ తీసుకున్నాం. రెండు మూడు హార్డ్ డిస్కుల్ని కలిపి ఒకే డిస్కులాగా వాడుతుంటాం కదా, దాన్నే రెయిడ్ అంటారు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఆ జత ఒక్కోసారి కనబడదు. ఎందుకు కనబడదు, అప్పుడు ఏం చేయాలి, అంతకన్నా ముఖ్యంగా ఏం చేయకూడదు, ఇదే ఈ రోజు విషయం.

"నా దగ్గర ఫోనే ఉంది, నాకెందుకు ఇది" అనుకుంటున్నారా? ఫోన్ నిండిపోతే ఫోటోలు, వీడియోలు ఎక్కడికి పోతున్నాయో ఒకసారి ఆలోచించండి. చాలా ఇళ్లల్లో పాత కంప్యూటర్‌కి రెండు డిస్కులు తగిలించి, లినక్స్ వేసి, ఇంటి క్లౌడ్‌లాగా వాడుతున్నారు. ఫోటో స్టూడియోల వాళ్లు, ట్యూషన్ సెంటర్ల వాళ్లు, యూట్యూబ్ చేసే కుర్రాళ్లు కూడా అంతే. ఇంకో మాట, మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉండేది కూడా లినక్స్ కెర్నలే. అదీ ఆన్ అయ్యేటప్పుడు ఇలాంటి వెతుకులాటే చేస్తుంది. ఆ సంగతి చివర్లో చెప్తా.

అసలు రెయిడ్ అంటే

1988లో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు ముగ్గురు, డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్, ఒక పేపర్ రాశారు. ఒక పెద్ద ఖరీదైన డిస్కు కొనే బదులు చవకైన చిన్న డిస్కులు చాలా కలిపి వాడుకుందాం, ఒకటి పోయినా మిగతావాటితో బండి నడిచేలా చేద్దాం అన్నది దాని సారాంశం. రెయిడ్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

దీంట్లో రకాలున్నాయి. రెయిడ్ 0 అంటే డేటాని రెండు డిస్కులకీ ముక్కలుగా పంచడం. స్పీడ్ వస్తుంది, కానీ ఒకటి పోతే మొత్తం పోయినట్టే. రెయిడ్ 1 అంటే అద్దం. ఒక డిస్కులో ఏం రాస్తే రెండో దాంట్లో కూడా అదే. రెయిడ్ 5 అంటే కనీసం 3 డిస్కులు కావాలి, ఏ ఒక్కటి పోయినా మిగతా వాటి నుంచి లెక్క కట్టి డేటా తీయొచ్చు. ఇళ్లల్లో, చిన్న షాపుల్లో ఎక్కువగా కనిపించేది రెయిడ్ 1. నేను కూడా దాన్నే ఉదాహరణగా పెట్టుకుంటా.

ఈ పని చేయడానికి ప్రత్యేకమైన కార్డు ఉంటే అది హార్డ్‌వేర్ రెయిడ్. కార్డు లేకుండా ఆపరేటింగ్ సిస్టమే చేస్తే అది సాఫ్ట్‌వేర్ రెయిడ్. లినక్స్ కెర్నల్‌లో ఈ పని చూసే భాగం పేరు ఎండీ. దాన్ని నడిపించే టూల్ పేరు ఎండీఆడమ్. ఎం, డి, ఏ, డి, ఎం, మొత్తం ఐదు అక్షరాలు, టైప్ చేసేటప్పుడు మధ్యలో గ్యాప్ ఉండదు.

డిస్కు నుదుటి మీద రాత

ఇప్పుడు అసలు ప్రశ్న. కంప్యూటర్ ఆన్ అవుతోంది. లోపల నాలుగు డిస్కులున్నాయి. ఏ డిస్కు ఏ జతలో మెంబరో దానికెలా తెలుస్తుంది?

ప్రతి డిస్కులో ఒక చిన్న చోట ఒక చీటీ రాసి ఉంటుంది. దాన్ని సూపర్‌బ్లాక్ అంటారు. అందులో జత పేరు, దాని గుర్తింపు నంబర్, ఇది ఎన్నో డిస్కు, మొత్తం ఎన్ని డిస్కులు, చివరిసారి చూసినప్పుడు మిగతావాళ్లలో ఎవరు బతికున్నారు, ఇవన్నీ ఉంటాయి. ఇంకోటి కూడా ఉంటుంది, ఈవెంట్ల లెక్క. జతలో మార్పు జరిగినప్పుడల్లా ఆ అంకె పెరుగుతూ పోతుంది. రేషన్ కార్డులో కుటుంబ సభ్యుల పేర్లున్నట్టు ఈ చీటీలో జతలోని సభ్యుల వివరాలుంటాయి. ఒక్కో సభ్యుడి జేబులో ఒక్కో జిరాక్స్ కాపీ ఉందనుకోండి. ఒకడు ఇల్లు వదిలి వెళ్లిపోతే, ఇంట్లో ఉన్నవాళ్ల కాపీలు అప్‌డేట్ అవుతాయి, వెళ్లినవాడి జేబులో మాత్రం పాత కాపీయే ఉంటుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతోనే పని.

ఈ చీటీ ఎక్కడ రాస్తారన్నది కూడా ముఖ్యం. పాత పద్ధతి 0.90లో, తర్వాత వచ్చిన 1.0లో డిస్కు చివర్లో రాస్తారు. 1.1లో సరిగ్గా మొదట్లో. ఇప్పుడు మామూలుగా వచ్చే 1.2లో మొదటి నుంచి 4 కేబీ దాటాక. పాత 0.90ని కెర్నల్ తనంతట తనే, ఎవరి సాయం లేకుండా గుర్తుపట్టేది. అందుకోసం పార్టిషన్ రకం ఎఫ్‌డీ అని పెట్టేవాళ్లు. 1.0, 1.1, 1.2లకి కెర్నల్ ఆ సొంత వెతుకులాట చేయదు. బయటి నుంచి ఎండీఆడమ్ వచ్చి, చీటీలు చదివి, జత కట్టాలి. పాత ట్యుటోరియల్ చూసి "ఎఫ్‌డీ పెడితే చాలు, అదే వచ్చేస్తుంది" అనుకునేవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

ఆన్ చేసిన దగ్గర నుంచి ఐదు మెట్లు

పవర్ బటన్ నొక్కాక ఏం జరుగుతుందో వరసగా చూద్దాం. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటి మెట్టు, మదర్‌బోర్డు. బయోస్ స్క్రీన్‌లో డిస్కు పేరు కనిపిస్తుందా? అక్కడే లేకపోతే లినక్స్‌ని తిట్టి లాభం లేదు. కేబుల్, పవర్ కనెక్టర్, లేదా డిస్కే. మనది పులికాట్ సరస్సు పక్క ఊరు, గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువ. కనెక్టర్లు తొందరగా పాడవుతాయి. ముందు అది చూడండి. ఇంకోటి, బయోస్‌లో డిస్కు కంట్రోలర్‌ని ఏహెచ్‌సీఐ బదులు రెయిడ్ మోడ్‌లో పెట్టి ఉంటే, కొన్ని మెషీన్లలో ఎన్‌వీఎంఈ డిస్కులు లినక్స్‌కి అసలు కనబడవు. సెట్టింగ్ పేరులో రెయిడ్ అని ఉంది కదా, మనకి కావాల్సింది ఇదే అనుకుని ఆన్ చేస్తారు. అది వేరే సంగతి, మన సాఫ్ట్‌వేర్ రెయిడ్‌కి దాంతో పని లేదు. ఒకవేళ అదే డిస్కులో విండోస్ కూడా ఉంటే మాత్రం ఈ మోడ్ ఊరికే మార్చకండి, విండోస్ లేవకపోవచ్చు.

రెండో మెట్టు, గ్రబ్. ఇది కెర్నల్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్. చాలామంది ఆపరేటింగ్ సిస్టమ్‌ని కూడా రెండు డిస్కుల అద్దంలో పెడతారు, గ్రబ్ మాత్రం మొదటి డిస్కులోనే ఉండిపోతుంది. ఆ మొదటి డిస్కు పోయిన రోజున, రెండో దాంట్లో డేటా మొత్తం భద్రంగా ఉంటుంది, కానీ మెషీన్ లేవదు. తాళం చెవిని ఇంట్లో పెట్టి తలుపు వేసేసుకున్నట్టు. గ్రబ్ రెండిట్లోనూ ఉండాలి.

మూడో మెట్టు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. పేరు చూసి భయపడకండి. అసలు సిస్టమ్ లేచేలోపు మెమరీలో కాసేపు ఉండే బుల్లి లినక్స్ ఇది. టిఫిన్ బాక్స్‌లాగా, దారిలో కావాల్సినంత సరుకు మాత్రమే సర్దుకుని ఉంటుంది. ఎండీఆడమ్, దాని సెట్టింగుల ఫైలు కాపీ ఈ బాక్స్‌లో ఉండాలి. మీరు సెట్టింగుల ఫైలు మార్చి, బాక్స్‌ని మళ్లీ సర్దకపోతే, లోపల పాత కాపీయే ఉంటుంది. ఫైలు తెరిచి చూస్తే అంతా కరెక్ట్‌గా కనిపిస్తుంది, బూట్‌లో మాత్రం పాతదే నడుస్తుంది. డెబియన్, ఉబుంటులో అప్‌డేట్ హైఫన్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, స్పేస్, హైఫన్ యు అన్న కమాండ్‌తో ఈ బాక్స్‌ని మళ్లీ సర్దాలి. ఫెడోరాలో ఆ పని డ్రాకట్ చేస్తుంది.

నాలుగో మెట్టు, జత కట్టడం. డిస్కులు ఒక్కొక్కటిగా నిద్ర లేస్తాయి. ఒక్కోటి కనబడగానే ఎండీఆడమ్ దాని చీటీ చదివి పక్కన కూర్చోబెడుతుంది. చీటీలో ఉన్నవాళ్లందరూ వచ్చారా? జత స్టార్ట్. రాలేదా? ఆగుతుంది. ఇప్పటి సిస్టమ్స్‌లో ఒక 30 సెకన్లు చూసి, ఇక రారు అనుకుంటే ఉన్నవాటితోనే నడిపిస్తుంది. యూఎస్‌బీ డిస్కులు లేటుగా లేవడం వల్ల కూడా ఈ గొడవ వస్తుంది. అందుకే యూఎస్‌బీ డిస్కులతో రెయిడ్ పెట్టొద్దని చెప్తుంటా.

ఇక్కడే ఇంకో తమాషా ఉంది. మీరు జతకి ఎండీ 0 అని పేరు పెట్టుకున్నారు. ఒక రోజు లేచి చూస్తే ఎండీ 127 అని కనిపిస్తుంది. డేటా ఎక్కడికీ పోలేదు. ఈ జత ఈ మెషీన్‌దే అని సెట్టింగుల ఫైలులో రాసి లేదు కాబట్టి, బయటి చుట్టం అనుకుని చివరి నుంచి ఒక నంబర్ ఇచ్చింది, అంతే. అందుకే ఎక్కడా ఎండీ 0 అన్న పేరుతో మౌంట్ చేయకండి, యూయూఐడీ అనే పొడుగాటి గుర్తింపు నంబర్ వాడండి. పేరు మారినా అది మారదు.

ఐదో మెట్టు, మౌంట్. జత దొరక్కపోతే సిస్టమ్ నిమిషంన్నర చూసి, ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల స్క్రీన్ ఇస్తుంది. ఆ స్క్రీన్ చూసి మొత్తం పోయిందనుకుంటారు. అది ఫోటోలు పెట్టుకునే డిస్కే అయితే, ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో ఆ లైన్‌కి నోఫెయిల్ అన్న ఒక్క మాట చేర్చండి. అప్పుడు ఆ జత రాకపోయినా మెషీన్ లేస్తుంది, మీరు ప్రశాంతంగా కూర్చుని వెతుక్కోవచ్చు.

మార్చి తర్వాత పెళ్లిళ్లు లేవన్నా

ఇప్పుడు నిజంగా జరిగిన కేసు చెప్తా. ఊరి పేరు, షాపు పేరు అనవసరం. ఒక ఫోటో స్టూడియో. వాళ్లబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు, స్టూడియో కంప్యూటర్ సెట్ చేసింది అతనే. సిస్టమ్ ఒక చిన్న ఎస్ఎస్‌డీలో, పెళ్లి వీడియోలన్నీ 4 టీబీ డిస్కులు రెండిటితో రెయిడ్ 1లో. మంచి సెటప్పే.

జూన్‌లో ఒక రోజు ఫోన్ చేశాడు. "అన్నా, డిస్కు కనపడతా ఉండాది. కానీ మార్చి తర్వాత చేసిన పెళ్లిళ్లు ఒక్కటి కూడా లేవన్నా. ఎవరో డిలీట్ చేసేసినట్టుండాది. నాయన ఎవర్నీ నమ్మడం లేదు" అన్నాడు. షాపులో పనిచేసే కుర్రాడి మీద అనుమానం. ఆల్బమ్ ఇంకా ఇవ్వని పెళ్లిళ్లు పదకొండు. ఎవరి పెళ్లీ మళ్లీ జరగదు కదా.

ఇంకో స్నేహితుడు సలహా ఇచ్చాడట, "జత పాడైపోయుంటుంది, క్రియేట్ కమాండ్‌తో మళ్లీ కొత్తగా కట్టెయ్" అని. కమాండ్ టైప్ కూడా చేసి పెట్టుకున్నాడు, ఎంటర్ నొక్కబోయే ముందు ఎందుకో ఫోన్ చేశాడు. "తమ్ముడూ, కీబోర్డ్ మీద నుంచి చెయ్యి తీసెయ్. తీశావా? ఇప్పుడు చెప్పు" అన్నా.

ముందు ప్రాక్ ఫోల్డర్‌లోని ఎండీస్టాట్ ఫైలు చదివించా. అందులో ప్రతి జత పక్కన చదరం బ్రాకెట్లలో ఒక గుర్తు ఉంటుంది. రెండు యూలు ఉంటే రెండు డిస్కులూ బాగున్నట్టు. యూ బదులు కింద గీత ఉంటే ఒకటి లేనట్టు. ఇక్కడ ఒక యూ, ఒక గీత ఉంది. అంటే ఒక్క డిస్కుతోనే నడుస్తోంది.

సరే, ఒకటి పోయింది. కానీ అద్దంలో ఒకటి పోతే రెండో దాంట్లో అంతా ఉండాలి కదా, మూడు నెలల డేటా ఎందుకు లేదు? ఇక్కడే ఆ రేషన్ కార్డు కథ.

జరిగింది ఇది. మార్చిలో ఎప్పుడో రెండో డిస్కు జత నుంచి జారిపోయింది. సిస్టమ్ దాన్ని పక్కన పెట్టి, మొదటి డిస్కుతోనే నడుస్తూ వచ్చింది. రెయిడ్ ఉన్నదే అందుకు కాబట్టి ఎవరికీ ఏ తేడా తెలియలేదు. మూడు నెలలు ఒంటికాలి మీద నడిచింది. జూన్‌లో మొదటి డిస్కు కేబుల్ వదులైంది. ఆ రోజు ఆన్ చేస్తే, బయోస్‌కి కనబడింది మార్చిలో ఆగిపోయిన ఆ రెండో డిస్కు ఒక్కటే. దాని జేబులో ఉన్న పాత చీటీ ప్రకారం ఇద్దరూ బతికే ఉన్నారు. రెండోవాడి కోసం 30 సెకన్లు చూసింది, రాలేదు, తనొక్కటే స్టార్ట్ అయిపోయింది. అందుకే మార్చి దాకా ఉన్న ప్రపంచం కనిపించింది. ఎవరూ ఏదీ డిలీట్ చేయలేదు.

క్రియేట్ కొట్టి ఉంటే ఏమయ్యేది? కొత్త చీటీలు రాసి, అద్దాన్ని సరిచేయడం మొదలుపెట్టేది. కేబుల్ సరిచేసి రెండు డిస్కులూ పెట్టి కొట్టి ఉంటే, మార్చి డిస్కుని అసలుది అనుకుని, మంచి డిస్కు మీద పాత డేటాని రుద్దేసే ప్రమాదం ఉంది. పదకొండు పెళ్లిళ్లు అక్కడితో సరి. పైగా, డేటా మొదలయ్యే చోటు ఎండీఆడమ్ వెర్షన్‌ని బట్టి మారుతుంది. పాతదానితో కట్టిన జతని కొత్తదానితో క్రియేట్ చేస్తే, చీటీ ఒక చోట, డేటా ఒక చోట అవుతుంది.

మేం చేసిన పని, వరసగా

ఒకటి, మెషీన్ ఆపేశాం. పాత డిస్కు మీద ఇంకొక్క బైటు కూడా రాయకూడదు.

రెండు, మొదటి డిస్కుకి కొత్త సాటా కేబుల్ వేశాం. మార్చి డిస్కుని పీకి పక్కన పెట్టాం. రెండూ ఒకేసారి పెట్టలేదు, ఎందుకో చెప్తా. మార్చి డిస్కు ఇవాళ ఒంటరిగా స్టార్ట్ అయింది కాబట్టి, దాని చీటీలో ఇప్పుడు "రెండోవాడు లేడు" అని రాసుకుంది. మంచి డిస్కు చీటీలో కూడా మార్చి నుంచి "రెండోవాడు లేడు" అనే ఉంది. ఇద్దరూ ఎవరికి వారే ఇంటి యజమాని అంటున్నారు. అలాంటప్పుడు ఎవరు ముందు నిద్ర లేస్తే వాళ్లదే రాజ్యం అయ్యే ప్రమాదం ఉంటుంది. మనిషే తీర్పు చెప్పాలి.

మూడు, మంచి డిస్కుతో ఆన్ చేశాం. వెంటనే జత స్టార్ట్ అయింది, దాని చీటీ ప్రకారం తనొక్కటే చాలు కాబట్టి. పెళ్లిళ్లన్నీ ఉన్నాయి. అవతల ఫోన్‌లో వాళ్ల నాయన గొంతు వినిపించింది, కానీ మాట రాలేదు ఆయనకి.

నాలుగు, వెంటనే బయటి డిస్కు ఒకటి తెచ్చి, ముందు మొత్తం కాపీ చేశాం. జతని సరిచేయడం ఆ తర్వాతే. సరిచేసేటప్పుడు ఉన్న ఒక్క మంచి డిస్కుని మొదటి నుంచి చివరి దాకా చదవాలి. అలిసిపోయిన డిస్కు ఆ పనిలోనే పోయే అవకాశం ఉంటుంది.

ఐదు, మార్చి డిస్కుని ఎగ్జామిన్ ఆప్షన్‌తో చదివాం. ఇది చీటీని చదివి చూపిస్తుంది, ఏదీ మార్చదు, ధైర్యంగా కొట్టొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త. అప్‌డేట్ టైమ్ అని ఒక లైన్ ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. ఈ డిస్కు ఇవాళ స్టార్ట్ అయింది కాబట్టి ఇవాళ్టి తేదీయే చూపిస్తుంది. చూడాల్సింది ఈవెంట్ల అంకె. మంచి డిస్కులో పద్దెనిమిది వేల పైన ఉంటే, దీంట్లో మూడు వేల చిల్లర. అంకె మీద కూడా పూర్తిగా ఆధారపడకుండా, లోపల కొత్త ఫైళ్లు ఏ డిస్కులో ఉన్నాయో కళ్లతో చూసి నిర్ధారించుకున్నాం.

ఆరు, మార్చి డిస్కు ఆరోగ్యం స్మార్ట్ టెస్టుతో చూశాం. ఫెయిల్ అయింది. దాన్ని తీసేసి కొత్త డిస్కు కొని, యాడ్ ఆప్షన్‌తో జతలో చేర్చాం. 4 టీబీ నిండాలంటే సెకనుకి 150 ఎంబీ లెక్కన ఏడున్నర గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకున్నారు, పొద్దున్నే రెండు యూలు కనిపించాయి.

షాపులో పనిచేసే కుర్రాడికి వాళ్ల నాయనే వెళ్లి విషయం చెప్పాడట. ఈ కేసులో నాకు బాగా నచ్చింది ఆ ఒక్క ముక్క. మెషీన్ చీటీ సరిగా చదవకపోతే మనిషి మీద నింద పడుతుంది, చూశారా?

ఆగడం తప్పు కాదు

"కంప్యూటర్ ఎందుకు ఆగాలి, ఎలాగోలా నడిపించేయొచ్చు కదా" అని చాలామంది అడుగుతుంటారు. మన ఊరి వాళ్లకి దీన్ని వేరేగా చెప్పక్కర్లేదు. మిద్దెలెక్కి శ్రీహరికోట వైపు చూసే అలవాటు మనకి ఉంది కదా. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ టీవీ-డీ1 పరీక్ష రోజు గుర్తుందా? ఇంకో 5 సెకన్లు ఉందనగా కంప్యూటరే కౌంట్‌డౌన్ ఆపేసింది. ఏదో తేడా గమనించింది కాబట్టి. సైంటిస్టులు చూసి, సరిచేసి, అదే రోజు ఉదయం 10 గంటలకి ఎగరేశారు. 2019 జులై 15న చంద్రయాన్-2 అయితే 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆగింది, జులై 22న వెళ్లింది. ఆగిన రోజు మనందరికీ ఉసూరుమనిపించింది. కానీ ఆగకుండా పోయి ఉంటే?

రెయిడ్ కూడా అంతే. 3 డిస్కుల రెయిడ్ 5లో ఒకటి పోయి, పైగా కరెంటు పోయి మధ్యలో ఆగిపోయిందనుకోండి, లినక్స్ ఆ జతని తనంతట తను స్టార్ట్ చేయదు. సగం రాసిన డేటా ఉండొచ్చు, చూసి చెప్పండి అని ఆగుతుంది. ఫోర్స్ అన్న ఆప్షన్ ఉంది. కానీ అది ఎప్పుడు వాడాలంటే, డిస్కులన్నీ ఎగ్జామిన్ చేసి, ఈవెంట్ల అంకెలు రాసుకుని, వీలైతే ప్రతి డిస్కుకీ నకలు తీసుకున్న తర్వాత. మొదటి కమాండ్‌గా మాత్రం కాదు.

ఇంకో ప్రమాదం చెప్తా. పార్టిషన్ చేయకుండా డిస్కు మొత్తాన్ని రెయిడ్‌లో పెడితే, విండోస్‌కి ఆ డిస్కు ఖాళీగా కనిపిస్తుంది. "ఇనిషియలైజ్ చేయాలా" అని మర్యాదగా అడుగుతుంది. ఓకే కొడితే చీటీ మీద గీతలు పడ్డట్టే. కొన్ని మదర్‌బోర్డులు కూడా పార్టిషన్ పట్టికని బాగుచేస్తున్నాం అనుకుని చీటీని చెరిపేస్తాయి. అందుకే ముందు ఒక పార్టిషన్ చేసి, దాన్ని రెయిడ్‌లో చేర్చండి.

మీ ఫోన్‌లో ఇదే కథ

చెప్తానన్నా కదా. ఆండ్రాయిడ్ 10 నుంచి వచ్చిన ఫోన్లలో సూపర్ అని ఒక పెద్ద పార్టిషన్ ఉంటుంది. సిస్టమ్, వెండర్, ప్రోడక్ట్ అన్నీ దాని లోపలే. ఫోన్ ఆన్ అవుతుంటే ముందుగా లేచే చిన్న ప్రోగ్రామ్, సూపర్‌లో ఉన్న పట్టిక చదివి, ఏ భాగం ఎక్కడుందో చూసి కలుపుతుంది. అక్కడ కూడా చీటీ చదవడమే. ఆ పట్టిక చెడితే ఫోన్ లోగో దగ్గరే తిరుగుతుంటుంది. కస్టమ్ రామ్ వేసేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు.

చాలా ఫోన్లలో ఏ, బీ అని సిస్టమ్‌కి రెండు స్లాట్లు కూడా ఉంటాయి. మీరు ఏలో నడుస్తుంటే అప్‌డేట్ బీలో కూర్చుంటుంది. కొత్తది లేవకపోతే ఫోన్ మళ్లీ పాతదానికి వెళ్లిపోతుంది. కానీ రెండు స్లాట్లున్నది సిస్టమ్‌కే. మీ ఫోటోలకి ఒకటే చోటు. ఫోన్ రెండుసార్లు లేవగలదు, మీ ఫోటోలు మాత్రం రెండు లేవు.

ఈ వారం చేయాల్సిన పనులు

రెయిడ్ వాడేవాళ్లు ఈ ఆదివారం ఒక అరగంట పెట్టండి.

ఎండీస్టాట్ చూడండి. యూలన్నీ ఉన్నాయా? స్టూడియో వాళ్లు మూడు నెల్లలో ఒక్కసారి చూసి ఉన్నా ఈ కథ ఉండేది కాదు.

రోజూ చూడలేం కాబట్టి, చూసే పని ఎండీఆడమ్‌కే అప్పజెప్పండి. దానికి మానిటర్ అని ఒక మోడ్ ఉంది. సెట్టింగుల ఫైలులో మెయిల్ అడ్రస్ ఇస్తే డిస్కు జారిపోగానే మెయిల్ పంపుతుంది. ప్రోగ్రామ్ అని ఇంకో లైన్ ఉంది, అందులో ఒక చిన్న స్క్రిప్ట్ పెడితే మీ ఫోన్‌కి టెలిగ్రామ్ మెసేజ్ వచ్చేలా చేసుకోవచ్చు. టెస్ట్ ఆప్షన్‌తో ఒకసారి పంపి చూడండి. రాని అలారం ఉన్నా లేనట్టే.

ఎగ్జామిన్ చేసిన వివరాలు, ఏ డిస్కు సీరియల్ నంబర్ ఏది, ఏ కేబుల్‌కి ఏది, ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ డబ్బా లోపల అంటించండి. కరెంటు పోయిన చీకట్లో మంచి డిస్కు ఏదో గుర్తుపట్టాల్సింది మీరే.

బూట్ కూడా ఒకసారి పరీక్షించండి. డేటాకి వేరే కాపీ ఉన్నాకే సుమా. మెషీన్ ఆపి, ఒక డిస్కు పీకి ఆన్ చేయండి. లేస్తే సరే. లేవకపోతే ఆ సంగతి తీరిగ్గా ఉన్న ఆదివారమే తెలిసింది, మంచిదే. తర్వాత ఆ డిస్కుని మళ్లీ పెట్టి, యాడ్ చేసి, రెండు యూలు వచ్చేదాకా ఆగండి. ఆ లోపల రెండోదాన్ని మాత్రం పీకకండి.

ఆఖరిది, అన్నిటికన్నా పెద్దది. రెయిడ్ బ్యాకప్ కాదు. అద్దం ముందు నిలబడి మీరు ఒక ఫోటో చింపితే, అద్దంలో కూడా అది చిరుగుతుంది. తప్పుగా డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. వైరస్ వచ్చినా, పిడుగు పడినా, దొంగ ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి. డిస్కు చెడినా పని ఆగకుండా చూడటమే రెయిడ్ పని. పోయినదాన్ని వెనక్కి తెచ్చేది బ్యాకప్. వేరే డిస్కులో ఒక కాపీ, వీలైతే వేరే ఇంట్లో ఇంకొకటి పెట్టుకోండి.

జత కనబడని రోజు వస్తే మాత్రం ఈ వరస గుర్తుపెట్టుకోండి. ఆపు, కేబుల్ చూడు, ఎగ్జామిన్ చెయ్యి, అంకెలు రాసుకో, కాపీ తీసుకో, ఆ తర్వాతే కమాండ్. క్రియేట్ అన్న మాట ఎవరు చెప్పినా ఆ పూటకి వినొద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో ఫోన్ నుంచి ఇంటి కంప్యూటర్‌కి ఫోటోలు ఆటోమేటిక్‌గా ఎలా పంపాలో చూద్దాం. ఉంటా మరి.